నీలయ్య లేచే దాకా

మేబెల్ ఐదింటికి ఒకసారి, ఐదుంపావుకు ఒకసారి హాలు గుమ్మం దాకా వచ్చి కుర్చీలు చూసి వెళ్లింది. మూడోసారి వచ్చేసరికి కుర్చీలే తనను చూస్తున్నట్టు అనిపించి తల దించుకుంది. మూడువందల యాభై కుర్చీలు. ముందు వరసలో ఆరుగురు, వెనకాల ఐదుగురు. ఆ వెనక ఐదుగురిలో ఇద్దరు కథ కోసం వచ్చారో ఫ్యాను కోసం వచ్చారో చెప్పడం కష్టం.

పద్మారావు నగర్‌లో ఆమె ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన బడి అది. అద్దె లేకుండా హాలు ఇచ్చారు. రాత్రి ఎనిమిదింటికి తాళం వేసేస్తామని ఒక్కటే షరతు. ఆ బడి పాత భవనం మీద, నీళ్ల ట్యాంకు పక్కన, రేకుల గదిలో ఉంది ఇరుగుపొరుగు రేడియో. రిటైరయిన ఏడాదే మేబెల్ దాన్ని మొదలుపెట్టింది. పదకొండేళ్లుగా పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాట్లాడుతోంది. ఇటు బేగంపేట, అటు కాప్రా, అంతవరకే దాని గొంతు వినపడుతుంది. ఆ పైన గరగర.

ఆ గొంతుకే ఇప్పుడు ముప్పు వచ్చింది. వానాకాలంలో పిడుగు పడి ట్రాన్స్‌మిటర్ మాడిపోయింది. మాటను గాలిలోకి పంపేది అదే, అది లేకపోతే గదిలో కూర్చుని గోడలతో మాట్లాడుకోవాలి. మేబెల్ శిష్యుడు యేసుదాసు వేరే జిల్లాలో ఇలాంటిదే ఇంకో చిన్న రేడియో నడుపుతున్నాడు. టీచరు అడిగిందే చాలన్నట్టు, తన దగ్గరున్న పాత ట్రాన్స్‌మిటర్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలు దాని మీదే గడిచింది. ఇప్పుడు అక్కడ అతని కొత్తది మరమ్మతుకు పోయింది. సోమవారం పొద్దున ఈ పాతదాన్ని తీసుకుపోతేనే అతని రేడియో నోరు తెరుస్తుంది. అంటే ఈ ఆదివారం హాలు నిండి, ఆ టికెట్ల మీద కొత్త ట్రాన్స్‌మిటర్ కొనగలిగితే సరే. లేకపోతే రేపటి నుంచి ఇరుగుపొరుగు రేడియో మూగ.

టికెట్ పెడదామన్నది బిక్షం. కాప్రా చెరువు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అతను. తాత నాటి నుంచి ఒగ్గు కథ చెప్పే ఇల్లు. చేతిలో ఒగ్గు అనే చిన్న వాద్యం, వెనక బావమరిది రాఘవేందర్ డోలు, అంతే అతని బలగం. తొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం రేడియోలో కథ చెబుతున్నాడు, పైసా తీసుకోకుండా. "నీలయ్య కథ మొత్తం చెప్త టీచరమ్మా. గది పట్టనంత మంది వస్తరు సూడు," అన్నాడు. నమ్మింది. ఇరవై రోజులు రోజుకు పదిసార్లు రేడియోలో ప్రకటించింది.

తప్పు జరిగింది ఆ ప్రకటనలోనే. సంబరం కొద్దీ, "కథను ప్రత్యక్ష ప్రసారం చేస్తాం," అని కూడా చెప్పేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. పదకొండేళ్లుగా ప్రతి ప్రకటన చివర అలవాటుగా అనే మాట ఒకటుంది ఆమెకు. అది తనంతట తానే నోట్లోంచి వచ్చేసింది. "మీరు రానక్కర్లేదు, మేమే మీ ఇంటికొస్తాం."

ఇంకేం, ఎవరూ రాలేదు.

ఐదున్నరకు ఫోన్ మోగింది. కాప్రా నుంచి లచ్చమ్మ. పక్షవాతం వచ్చిన మొగుణ్ని చూసుకుంటూ ఇంట్లోనే మిషను కుట్టుకునే మనిషి. మేబెల్ ఆమె ముఖం ఒక్కసారీ చూడలేదు గానీ గొంతు మాత్రం సొంత చెల్లెలి గొంతంత తెలుసు.

"టీచరమ్మా, ఏందీ ఇంక షురూ చేస్తలేరు? అందరం కూసున్నం."

"ఎక్కడ లచ్చమ్మా?" మేబెల్ ప్రాణం లేచొచ్చి గేటు వైపు చూసింది.

"ఇంకెక్కడ, మా గుమ్మం ముందట. రేడియో బైట పెట్టిన. మా గల్లీ మొత్తం చాపలేసుకోని కూసున్నరు. నలభై మందిమి ఉన్నం."

మేబెల్ గేటు మీంచి చూపు తిప్పుకుంది. "మొదలుపెడుతున్నాం," అని మాత్రం అని పెట్టేసింది. ఆ తర్వాత పదినిమిషాల్లో అలాంటివే ఇంకో ఏడు ఫోన్లు. బేగంపేటలో ఒక హోటల్ వెనక వంటవాళ్లు, ఏదో గేటు దగ్గర ముగ్గురు వాచ్‌మన్లు కలిసి, ఒక హాస్టల్‌లో గిన్నెలు తోమే ఆడవాళ్లు. హాలు నిండే జనం కంటే ఎక్కువే ఉన్నారు వినడానికి. ఒక్కరికీ కాలు కదపడానికి లేదు. కాలు కదపలేని వాళ్ల కోసమే కదా ఆమె ఈ రేడియో పెట్టింది! హాళ్లకు వచ్చే తీరికున్న వాళ్లకు దీని పేరు కూడా తెలియదు. ఇంత చిన్న సంగతి ఇరవై రోజుల్లో ఒక్క పూటైనా తట్టలేదే అని తన మీద తనకే ఒళ్లు మండింది.

"మేడం, లైవ్ కట్ చేద్దం," అన్నాడు హరికిషన్. వారమంతా ఆఫీసు పనిచేసి సెలవు రోజున రేడియో యంత్రాలు చూసుకునే మనిషి, ముప్పై రెండేళ్లుంటాయి. "హాల్‌కు వస్తెనే కథ అని అనౌన్స్ చేయుండ్రి. అప్పుడైనా వస్తరు."

"లచ్చమ్మ మంచం మీది మనిషిని వదిలి రెండు బస్సులు మారి ఎలా వస్తుంది కిషన్? వాచ్‌మన్ గేటు వదిలి వస్తే రేపు ఉద్యోగం ఉంటుందా?"

"మరి రేపు రేడియో ఉంటదా మేడం?"

మేబెల్ మైకు దగ్గరికి నడిచింది. మైకులో, దగ్గర్లో ఉన్నవాళ్లు వీలుంటే రమ్మని బతిమాలినట్టు చెప్పింది. సాయం చేయాలనుకుంటే ఫలానా నంబరుకు పంపమని కూడా చెప్పింది. పక్క వీధి కాంతమణి, పొయ్యి ఆపి ఇంటి చెప్పులతోనే వచ్చింది, తోడుగా ఇంకొకావిణ్ని పట్టుకుని. ఫోన్‌లో పదులూ ఇరవైలూ టంగుటంగుమన్నాయి. పంపినవాళ్లకు అవి చిన్నవి కావని మేబెల్‌కు తెలుసు. ట్రాన్స్‌మిటర్‌కు అవి ఎంత దూరమో కూడా తెలుసు.

బిక్షం వేదిక వెనక నుంచి తొంగి చూశాడు. పదమూడు మంది. అతని ముఖం ఒక్క క్షణం వాడింది, వెంటనే సర్దుకుంది. అలవాటు ప్రకారం కిందికి దిగి అందరి నుదుటా పసుపు బండారి పెట్టాడు. మేబెల్ దగ్గరికి వచ్చి మాత్రం అరచేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టాడు. ఆమె నుదుట బొట్టు పెట్టుకోదని మొదటి గురువారమే కనిపెట్టాడు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా అలా నడిచిపోతోంది.

"నా వల్లే బిక్షమన్నా. లైవ్ అన్నాను," అంది ఆమె.

"పరేషాన్ కాకు టీచరమ్మా. ఇంటున్నరు గదా. ఇంటున్నోళ్లకే చెప్త."

నిజంగానే కుర్చీలను వదిలేసి మైకుకు దగ్గరగా జరిగాడు. కథ ఎత్తుకునే ముందు కట్టుబాటు చెప్పాడు. అది అతని తాత పెట్టిన కట్టుబాటు. "అక్కలారా, అన్నలారా, జెర ఇనుండ్రి. ఈ కథల నీలయ్య సస్తడు. సచ్చినోడు మల్ల లేసేదాక ఎవ్వలూ లేవొద్దు, దీపం ఆర్పొద్దు, ముద్ద ముట్టొద్దు. పీనుగ ఇంట్ల ఉంటె అన్నం తింటమా? లేపే పూచీ నాది. గప్పటిదాక ఓపిక పట్టుండ్రి."

ముందు వరసలో యేసుదాసు చేతిలోని బిస్కెట్ పొట్లం మెల్లగా సంచిలో పెట్టేసుకున్నాడు.

కథ నడిచింది. కరువు కాలం. నీలయ్య గొర్రెల మందను తోలుకుని నీళ్లు వెతుక్కుంటూ పోతాడు. బిక్షం ఒక్కడే నీలయ్య అయ్యాడు, దాహంతో అరిచే గొర్రె అయ్యాడు, భుజం మీది రుమాలు తల మీద కప్పుకుని చెల్లెలు ఈరవ్వ అయ్యాడు. రాఘవేందర్ డోలు కొడుతూ, "అయితే ఏమాయె?" అని వంత పలికాడు. ఖాళీ హాలులో ఆ మాట గోడకు తగిలి తిరిగొచ్చేది. మేబెల్ కళ్లు మూసుకుని వింది. కళ్లు మూసుకుంటే కుర్చీలు లేవు. కాప్రా గల్లీలో చాపలున్నాయి.

ఆరూ యాభైకి హరికిషన్ మెట్లు దిగి వచ్చి చెవిలో చెప్పాడు. "మేడం, ఏడింటికి ఆపాలె. బాగ హీటెక్కింది."

పాత ట్రాన్స్‌మిటర్ జబ్బు అది. రెండు గంటలు పనిచేస్తే ఇరవై నిమిషాలు పడుకోవాలి. ఐదింటికే దాన్ని వెలిగించారు. అందుకే ఏడింటికి టీ విరామం అని కాగితం మీద రాసుకున్నారు, నీలయ్య చావు ఆ తర్వాత అని బిక్షంతో ముందే అనుకున్నారు. బిక్షం మాత్రం కాగితాన్ని ఎప్పుడో మర్చిపోయాడు. ఎదుట మనుషులు లేని లోటును గొంతుతో పూడ్చాలనుకున్నాడో ఏమో, కథను ఉరుకులు పెట్టించాడు. సొరకాయ బుర్రలో మిగిలిన ఆఖరి గుక్క గొర్రెపిల్లకు తాగించి, ఎండిన చెరువు మట్టిలో నీలయ్య ఒరిగిపోయేటప్పటికి గోడ మీద గడియారం ఏడుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

మేబెల్ వేదిక పక్కకు పోయి చేత్తో సైగ చేసింది, ఆపమని. బిక్షం ఏడుపు రాగం ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు. ఎలా ఆపుతాడు? అన్ని ఇళ్లలో శవాన్ని పడుకోబెట్టి, టీ తాగి వస్తామని చెబుతాడా?

"మేడం, చెప్పుండ్రి. ఆపాల్నా, వద్దా?" హరికిషన్ నుదురంతా చెమట.

మేబెల్ ముందు వరస వైపు చూసింది. యేసుదాసు కర్చీఫుతో కళ్లొత్తుకుంటున్నాడు. ఆ యంత్రం అతనిది. అడగాల్సింది అతన్నే. నాలుగడుగులు వేస్తే చాలు. అడిగితే వద్దనేవాడు కాదు, టీచరు మాట కాదనే అలవాటు అతనికి చిన్నప్పటి నుంచీ లేదు. సరిగ్గా అందుకే అడగడానికి ఆమెకు ముఖం చెల్లలేదు. "ఇంకెంత, అరగంట," అంది. "టేబుల్ ఫ్యాను పెట్టు. తడిబట్ట కప్పు. ఎలాగోలా లాగించు."

లాగించింది అది పాపం, ఏడూ ఇరవై దాకా. అప్పుడు హరికిషన్ మెట్ల మీద నుంచి దిగిన తీరు చూసే మేబెల్‌కు అర్థమైపోయింది. చొక్కాకు కాలిన వైరు వాసన. హాలు గుమ్మంలో నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. మేబెల్ చూసింది, యేసుదాసు చూశాడు, వేదిక మీద నుంచి బిక్షం కూడా చూశాడు. యేసుదాసు లేచి హరికిషన్ వెంట పైకి పోయాడు.

అప్పుడు బిక్షం ముఖంలో కనిపించిన దిక్కుతోచని చూపు మేబెల్ ఈ తొమ్మిదేళ్లలో ఎన్నడూ చూడలేదు. తర్వాతి ఘట్టంలో ఈరవ్వ నీళ్ల కడవతో రావాలి. మూడు దోసిళ్లు పోయాలి. నీలయ్య లేవాలి. కానీ ఎవరి కోసం లేపాలి? పూచీ పడింది మైకులో. మైకు వెనక ఇప్పుడు ఎవరూ లేరు. లేపకుండా ఆగడానికీ లేదు, వాళ్లు వినకుండా లేపడానికీ మనసొప్పలేదు. ఈరవ్వను దారిలోనే నిలబెట్టాడు. ఆమె చేత అన్నను తలుచుకుని ఏడిపించాడు. అన్న ముంజకాయలు తెచ్చిన రోజు, అన్న ఎత్తుకుని వాగు దాటించిన రోజు, తాత చెప్పినవి అయిపోతే అప్పటికప్పుడు పుట్టించి పాడాడు. ప్రతి చరణం చివరా కళ్లు గుమ్మం వైపు పోయేవి. హరికిషన్ వచ్చి బొటనవేలు ఎత్తి చూపిస్తాడని.

హరికిషన్ రాలేదు. పావుగంట తర్వాత యేసుదాసు వచ్చాడు. కుర్చీలోకి పోకుండా మేబెల్ పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

"పోయింది టీచర్. లోపల బోర్డంతా కాలిపోయింది."

"నీకు చెప్పాల్సింది దాసూ. తెలిసే నడిపించాను. వేడెక్కిందని తెలిసే." "రేపు నీ రేడియో ఎలా?"

అతను కర్చీఫు తీసి చేతికంటిన మసి తుడుచుకున్నాడు. తిట్టినా ఆమెకు ఊరటగా ఉండేది. "మధ్యలో ఎట్లా ఆపుతారు టీచర్," అన్నాడు చివరికి. ఆ మంచితనం ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

ఏడూ నలభై ఐదుకు బడి వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడించాడు. బిక్షం గొంతు అప్పటికే బొంగురుపోయింది, పై స్థాయి అందక జారిపోతోంది. రాఘవేందర్ అయోమయంగా డోలు కొడుతూనే ఉన్నాడు. మేబెల్ వేదిక దగ్గరికి నడిచి రెండు చేతులూ జోడించింది. బిక్షం ఆమెను చూసి, గుమ్మం వైపు ఆఖరిసారి చూసి, ఈరవ్వను చెరువు దగ్గరికి నడిపించాడు. ఒక దోసిలి. రెండు దోసిళ్లు. మూడు.

"లేవయ్య నీలయ్య, లేవో... మంద నీ కోసం మేత ముట్టలే..."

నీలయ్య లేచాడు. పదమూడు మంది చప్పట్లు కొట్టారు. కాంతమణి వేదిక ఎక్కి బిక్షం చేతిలో వంద కాగితం పెట్టి దండం పెట్టింది. మేబెల్ మాత్రం ఇవేవీ చూడలేదు. ఆమె అప్పటికే పైకి పరుగు లాంటి నడకతో పోతోంది, అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లను తిట్టుకుంటూ.

రేకుల గదిలో కాలిన వాసన ఇంకా పోలేదు. బల్ల మీద ఫోన్ మోగుతోంది. తెర మీద నలభై ఆరు మిస్డ్ కాల్స్. హరికిషన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఎత్తి ఏం చెప్పాలె మేడం నేను? గ్రూపుల పెట్టిన, నీలయ్య లేచిండని. గ్రూపుల ఉన్నది మనోళ్లే అరవై మంది."

మేబెల్ ఎత్తింది. లచ్చమ్మ.

"టీచరమ్మా, రేడియో ఆగిపోయింది. నీలయ్య లేచిండా?"

"లేచాడు లచ్చమ్మా. ఇప్పుడే లేచాడు. మీరు అన్నాలు తినండి."

"నువ్వు చెప్తె ఎట్లమ్మా! ఆయినె చెప్పాలె. లేపే పూచీ నాది అన్నడు గద. పొయ్యి మీద అన్నం అట్లనే ఉంది. మా ఆయిన ముద్ద ముట్టనంటున్నడు. షుగర్ గోలి ఏసుకునే టైం దాటిపోయింది. గల్లీల ఒక్కలు సుత లేస్తలేరు."

బిక్షం అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు, రాఘవేందర్ భుజం పట్టుకుని. సంగతి చెప్పకుండానే ఫోన్ అందుకున్నాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గి, గొంతు సవరించుకుని మళ్లీ ప్రయత్నించాడు. మెడ నరాలు పొంగాయి. "లేచిండు... బిడ్డా..." అన్నది ఎవరో దొంగతనంగా మాట్లాడినట్టు వచ్చింది.

"ఎవరది? బిక్షమన్న గొంతు గిట్ల ఉండదు," అంది ఫోన్‌లో లచ్చమ్మ. "టీచరమ్మా, నిజం చెప్పుండ్రి. ఏమైంది ఆడ?"

బిక్షం ఒగ్గు తీసి ఫోన్ పక్కన వాయించబోయాడు. వేళ్లు ఆడలేదు. ఫోన్ మేబెల్ చేతిలో పెట్టి, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. వందల సార్లు నీలయ్యను లేపిన మనిషి.

ఫోన్ పెట్టేయగానే మళ్లీ మోగింది. మేబెల్ చెప్పింది, లేచాడని. మళ్లీ మోగింది. మళ్లీ చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు ఆయన్నే పలకమన్నారు. ఒక వాచ్‌మన్, "మీరు బాధపడొద్దని చెప్తున్నరు గద మేడం," అన్నాడు. పదిహేనో ఫోన్ మధ్యలో బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. హరికిషన్ చార్జర్ కోసం వెతకసాగాడు.

ఫోన్ చేసేవాళ్లయితే ఏదో ఒకటి తేల్చుకుంటారు. చేయని వాళ్ల సంగతి? రేడియో తప్ప ఫోన్ లేని ముసలివాళ్లు, బ్యాలెన్స్ అయిపోయిన వాళ్లు, ముందర వండిన అన్నం పెట్టుకుని గరగరను వింటూ కూర్చున్న వాళ్లు. వాళ్లు ఎంతమందో ఆమెకు తెలియదు. ఎప్పుడూ తెలియదు. మాట్లాడటమే తప్ప లెక్క తెలియని పని ఆమెది. వాళ్ల ఇళ్లలో నీలయ్య ఇంకా చెరువు మట్టిలోనే ఉన్నాడు. రేపూ అక్కడే ఉంటాడు. ఎల్లుండీ అంతే.

మేబెల్ వెళ్లి మైకు ముందు తన కుర్చీలో కూర్చుంది. హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. మీట పైకి ఎత్తింది. ఎర్ర దీపం వెలగలేదు.

"నమస్కారం. ఇది ఇరుగుపొరుగు రేడియో. నేను మేబెల్ టీచర్‌ని. నీలయ్య లేచాడమ్మా. చెల్లెలు మూడు దోసిళ్ల నీళ్లు పోసింది, లేచి కూర్చున్నాడు. మంద మేత ముట్టింది. ఇంక అన్నాలు తినండి. గోళీలు వేసుకోవాల్సిన వాళ్లు వేసుకోండి."

కింద వాచ్‌మన్ గేటు మీద తాళాల గుత్తితో కొడుతున్నాడు. యేసుదాసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"టీచర్," అన్నాడు మెల్లగా, "మాట గాలిలోకి పోవట్లేదు."

"తెలుసు దాసూ," అంది ఆమె. మైకును కొంచెం దగ్గరికి లాక్కుని మళ్లీ మొదటి నుంచి చెప్పసాగింది.